రెండో మనిషి చదువు సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో విదేశీ చదువుల మీద ఒక పేజీ మొత్తం ఇచ్చారు. ఏ దేశంలో ఫీజు ఎంత, నెల ఖర్చు ఎంత, చదువయ్యాక ఎన్నేళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, లోను ఎలా వస్తుంది, అన్నీ పట్టిక వేసి మరీ చెప్పారు. ఏడాదిన్నరగా ఇలాంటివి కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటున్న వాళ్లం కాబట్టి మా ఆయనా నేనూ అక్షరం వదలకుండా చదివాం. బాగుంది. కానీ పేజీ మొత్తం మీద పెళ్లయిన వాళ్ల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, జీవిత భాగస్వామిని డిపెండెంట్ వీసా మీద తీసుకెళ్లవచ్చని. అంతే. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం గురించే. పొడుగ్గా ఉంటుంది, వీలైతే మొత్తం వేయండి, వీలు కాకపోతే మధ్యలో దేశాల సంగతి రాసిన భాగమైనా వేయండి, ఎవరో ఒకరికి పనికొస్తుంది.

తీసుకెళ్లవచ్చు, సరే. అలా వెళ్లిన మనిషికి కూడా చదువుకోవాలని ఉంటే?

మా సంగతి చెప్తాను. మాది తెనాలి. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మా ఆయన బీటెక్ మెకానికల్, బాలానగర్‌లో ఒక కంపెనీలో డిజైన్ ఇంజినీరు. పెళ్లయి మూడేళ్లు. పెళ్లిచూపుల్లోనే నాకు పీహెచ్‌డీ చేయాలనుందని చెప్పాను, ఆయన తనకీ ఎమ్మెస్ చేయాలనుందని చెప్పారు, ఇద్దరం చదువుకుందాం అనుకునే చేసుకున్నాం. అనుకోవడం తేలిక. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటూ, ఒకరి చదువు కోసం ఇంకొకరు తమ చదువు వదులుకోకుండా ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకి మాత్రం ఎవరి దగ్గరా సరైన జవాబు దొరకలేదు. ఎవర్ని అడిగినా ముందు అబ్బాయి వెళ్లి సెటిల్ అవుతాడు, అమ్మాయి సంగతి తర్వాత చూసుకోవచ్చు అనే మాటే. ఆ 'తర్వాత' ఎన్నేళ్లకొస్తుందో అడిగితే మాత్రం అందరూ మాట మార్చేవాళ్లు.

అందరిలాగే మేమూ మొదట అమెరికా అనుకున్నాం. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడి కౌన్సెలర్ మా ఆయన జీఆర్ఈ స్కోరు, బ్యాక్‌లాగ్‌లు, ఉద్యోగం ఎన్నేళ్లు చేశారు, అన్నీ అడిగి రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి "మేడమ్‌కి పాస్‌పోర్ట్ ఉందా? మ్యారేజ్ సర్టిఫికెట్ ఉందా? అయితే ఎఫ్-2 వేసేద్దాం" అన్నారు. ఎఫ్-2 అంటే అమెరికాలో చదివే విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చే డిపెండెంట్ వీసా. నా ఒళ్లో ఉన్న ఫైల్లో నా మార్కుల లిస్టులు, నా పేరు మూడో స్థానంలో ఉన్న ఒక రీసెర్చ్ పేపర్ ప్రింటు ఉన్నాయి. ఆ ఫైలు తెరిచే అవసరమే రాలేదు.

తర్వాత బ్యాంకు. మా ఆయన మాస్టర్స్‌కి ఫీజు, ఇద్దరి ఖర్చు అన్నీ కలిపి యాభై లక్షలు తేలింది. తనఖాకి తెనాలిలో మామయ్య గారి ఇల్లు. ఈసీ తెచ్చాం, లింకు డాక్యుమెంట్లు తెచ్చాం, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అయ్యాయి. బ్యాంకు అధికారి ఒక్కో కాగితం చూస్తూ బల్ల మీద రెండు దొంతరలు పెడుతూ వచ్చారు, ఎడమవైపు కావాల్సినవి, కుడివైపు అక్కర్లేనివి. ఇంటి పత్రాలు ఎడమవైపు, మా ఆయనకి అమెరికా యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ పత్రం ఐ-20 ఎడమవైపు, నా ఎమ్మెస్సీ డిగ్రీ కుడివైపు. "మీరు డిపెండెంటే కదమ్మా, ఇవి అక్కర్లేదు, జీతం స్లిప్పులు మాత్రం ఉంచండి" అన్నారు. ఆయన తప్పుగా ఏమీ అనలేదు, మర్యాదగానే, రూలు ప్రకారమే అన్నారు. అయినా బయటికొచ్చి ఆటో ఎక్కేదాకా నాకు మాట రాలేదు. చివరికి మా ఆయనే అన్నారు, "ఆ కుడివైపు దొంతర చూశావా" అని.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాం. యాభై లక్షలు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్లు అంటే నెలకి దాదాపు రూ.67,500 ఈఎంఐ, అదీ చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ కలపకుండా. అంత అప్పు ఒక్క జీతం మీద తీర్చాలి, ఎందుకంటే ఎఫ్-2 మీద వెళ్లిన మనిషి ఒక్క గంట కూడా జీతానికి పనిచేయకూడదు. డిగ్రీ కోసం ఫుల్‌టైమ్ చదవకూడదు కూడా. 2015 నుంచి పార్ట్‌టైమ్‌గా కొన్ని క్లాసులు తీసుకోనిస్తున్నారు, పూర్తిగా చదవాలంటే తనూ సొంతంగా అడ్మిషన్ తెచ్చుకుని, ఆ ఫీజు కూడా చూపించి, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. భర్త కోర్సు రెండేళ్లు, తర్వాత ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి, ఒక ఏడాది, స్టెమ్ (సైన్సు, ఇంజినీరింగ్ లాంటి) చదువు కాబట్టి ఇంకో 24 నెలలు, ఇంతకాలం భార్య ఎఫ్-2లోనే ఉంటుంది. లాటరీలో భర్తకి హెచ్-1బీ ఉద్యోగ వీసా తగిలితే ఆమె వీసా హెచ్-4 అవుతుంది. హెచ్-4 వాళ్లకి పనిచేసే అనుమతి 2015 మే నుంచి ఇస్తున్న మాట నిజమే కానీ అది చాలామందికి భర్త గ్రీన్‌కార్డు ఫైలులో కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొందాకే దొరుకుతుంది. వెళ్లిన రోజు నుంచి లెక్క పెట్టుకుంటే ఆరేడేళ్లు చూస్తుండగానే గడిచిపోతాయి. వీటి మీద 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది, అది ఎవరికి వర్తిస్తుంది ఎవరికి వర్తించదు అని వివరణలు వచ్చేలోపు మా ఇంట్లో టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఈ ఆరేడేళ్లు ఎలా ఉంటాయో మాకు కాగితాల్లో చదివితే అర్థం కాలేదు. మా పెద్దమ్మ కూతుర్ని చూస్తే అర్థమైంది. అక్క ఎం.ఫార్మసీ, గుంటూరులో చదివింది, పెళ్లికి ముందు ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో రెండేళ్లు చేసింది. బావ చదువు కోసం డాలస్ వెళ్లి ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ పని అనుమతి రాలేదు. మేం వెళ్లాలనుకుంటున్నామని చెప్పడానికి వీడియో కాల్ చేస్తే వంటింట్లో ఉంది, వెనక అరలో డబ్బాలు కనిపించాయి. ప్రతి డబ్బా మీదా తెల్ల టేపు ముక్క, దాని మీద గుండ్రటి చేతిరాతతో పేరు, నింపిన తేదీ, బ్యాచ్ నంబరు. కందిపొడి, బ్యాచ్ 14. కారప్పొడి, బ్యాచ్ 9. ఎందుకక్కా ఇదంతా అంటే "చేతికి అలవాటైపోయిందే, ఊరుకోదు" అంది. మేం వస్తున్నామంటే ఎంతో సంతోషపడింది, నాది ఎఫ్-2 అనగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నువ్వూ ఎందుకే" అంది. బావ మంచివాడు. ఇద్దరు పిల్లలు బాగా చదువుకుంటున్నారు. ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది.

పోనీ నేను అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్తే? అక్కడ సైన్సు పీహెచ్‌డీలకి మామూలుగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, అప్పు అక్కర్లేదు. కానీ అప్పుడు ఎఫ్-2 మా ఆయన అవుతారు, నా గోడు ఆయన గోడు అవుతుంది, అంతే తేడా. అయినా నాలుగు చోట్ల అప్లై చేశాను. 2025 మొదట్లో అక్కడి ప్రభుత్వం పరిశోధన నిధులకు కోత పెట్టేసరికి చాలా యూనివర్సిటీలు బయాలజీ వైపు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి, కొన్ని అసలు ఆపేశాయి. నాకు ఎక్కడా రాలేదు. ఏడ్చాను, ఏడవలేదని చెప్పను.

అప్పుడు మిగతా దేశాల రూల్స్ చదవడం మొదలుపెట్టాం, ఈసారి ఫీజు, ర్యాంకు పక్కన పెట్టి రెండో మనిషికి ఏముంది అని మాత్రమే చూస్తూ. బ్రిటన్ దగ్గరే మాకు కళ్లు తెరుచుకున్నాయి. అక్కడ 2024 జనవరి 1 తర్వాత మొదలయ్యే మామూలు మాస్టర్స్ కోర్సులకి డిపెండెంట్లను రానివ్వడం లేదు, పీహెచ్‌డీ, ఇతర రీసెర్చ్ కోర్సుల వాళ్లకి మాత్రం రానిస్తారు, వచ్చిన వాళ్లు పని కూడా చేసుకోవచ్చు. అంటే మా ఆయన మాస్టర్స్‌కి వెళ్తే నేను హైదరాబాద్‌లో ఉండిపోవాలి, నేను పీహెచ్‌డీకి వెళ్తే ఆయన నాతో వచ్చి మొదటి వారంలోనే ఉద్యోగం చూసుకోవచ్చు. దేశం అదే, మనుషులు అదే ఇద్దరు, ఎవరి అడ్మిట్ ముందు పెడతామన్న దాన్ని బట్టి జవాబు తలకిందులైపోయింది. ఈ మాట కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పలేదు, మీ పేజీలోనూ లేదు. పీహెచ్‌డీ వాళ్లకి చదువయ్యాక మూడేళ్లు ఉండే వీలుంది కూడా, మాస్టర్స్ వాళ్లకి రెండేళ్లు, అది 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకి 18 నెలలకి తగ్గుతోంది. కాకపోతే విదేశీయులకి పూర్తి ఫండింగ్‌తో దొరికే పీహెచ్‌డీ సీట్లు అక్కడ తక్కువ, నాకు ఒకచోట సీటిస్తామన్నారు, డబ్బు మీరే తెచ్చుకోవాలన్నారు.

కెనడాకి 2025 జనవరి 21 నుంచి రూలు మారింది, భార్యకో భర్తకో ఓపెన్ వర్క్ పర్మిట్ రావాలంటే మాస్టర్స్ కోర్సు కనీసం 16 నెలలు ఉండాలి, పీహెచ్‌డీ అయితే ఇబ్బంది లేదు. ఇక్కడ జాగ్రత్తగా చదువుకోవాలి, ఎందుకంటే ఏడాదిలో అయిపోయే మాస్టర్స్ ఫీజు తక్కువని చేరితే రెండో మనిషి పర్మిట్ పోతుంది. బతకడానికి చూపించాల్సిన డబ్బు కూడా ఒక్కరికే 10,000 కెనడా డాలర్లు ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి 22,895 చేశారు. ఆస్ట్రేలియా ఈ విషయంలో నయం, మాస్టర్స్ లేదా పీహెచ్‌డీ చేసేవాళ్ల భాగస్వామికి పని గంటల పరిమితి లేదు, మిగతా కోర్సుల వాళ్లకైతే రెండు వారాలకి 48 గంటలే. కానీ వీసా అప్లికేషన్ ఫీజే 2025 జూలైలో 2,000 ఆస్ట్రేలియా డాలర్లు చేశారు, కోర్సు ఫీజు చూశాక మళ్లీ మామయ్య గారి ఇంటి పత్రాల దగ్గరికే వచ్చాం.

ఇక్కడే ఉండి చదువుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. అడగాల్సిన మాటే, మేం అన్నిటికంటే ఎక్కువ రోజులు దీని గురించే ఆలోచించాం. పీహెచ్‌డీ వాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకి రూ.37,000, రెండేళ్లయ్యాక రూ.42,000, ఇంటద్దె భత్యం అదనం. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి రూ.12,400 ఇస్తారు. రెండూ కలిపితే రూ.49,400. పొదుపుగా ఉంటే ఇద్దరం బతకొచ్చు, ఒక్క రూపాయి అప్పు ఉండదు, పండక్కి రైలెక్కితే తెనాలి. నాకు సరిపోయే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ హబ్సిగూడలో ఉంది, ఆయనకి సరిపోయే ఐఐటీ హైదరాబాద్ సంగారెడ్డి దగ్గర కందిలో. పేరుకి ఒకే ఊరు, మధ్యలో అరవై కిలోమీటర్ల పైమాటే, ఊరు మొత్తం ఆ చివర నుంచి ఈ చివరకి దాటాలి. రాత్రి పదింటికి బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు చూసుకుని ల్యాబ్ నుంచి బయటపడే మనిషి, ఉదయం ఎనిమిదింటికి క్లాసులో ఉండాల్సిన మనిషి, ఒకే ఇంట్లో ఉండాలంటే ఆ ఇల్లు ఎక్కడ తీసుకోవాలో మీరే చెప్పండి. బెంగళూరు ఐఐఎస్సీ అయితే ఇద్దరికీ కావాల్సినవి ఒకే కాంపస్‌లో ఉన్నాయి, అది నా మొదటి కోరిక. నేను ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయాను, ఆయనకి గేట్ స్కోరు చాలలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నేను ప్రాజెక్టులో చేరిన రెండో ఏడాది ఒకసారి నాలుగు నెలలు జీతం పడలేదు, నిధులు పై నుంచి రాలేదన్నారు. ఆ నాలుగు నెలలూ మా ఆయన జీతం మీద ఇల్లు గడిచింది. ఇద్దరం విద్యార్థులమై ఉండగా అలా జరిగితే ఎవరి జీతం మీద గడవాలి? రీసెర్చ్ చేసే పెళ్లయిన పిల్లలు మన రాష్ట్రాల్లో ఎంతమందో ఉన్నారు, స్టైపెండ్ ఒకటో తారీఖున పడితే చాలు, వాళ్లలో సగం మంది వేరే దేశాల పేజీలు చూడరని నా నమ్మకం.

చివరికి మేం వెతికే పద్ధతే మార్చుకున్నాం. పాత గోడ క్యాలెండర్ చింపి, దాని వెనక తెల్ల పేజీలో నాలుగు గళ్లు గీశాం. ఊరు, నాకు అక్కడ ఏముంది, ఆయనకి అక్కడ ఏముంది, రెండో మనిషి దిగిన రోజు నుంచి ఏం చేయొచ్చు. దేశాల పేర్లు రాయడం మానేసి ఊళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాం. రీసెర్చ్‌లో ఉన్నవాళ్లు ఈ తిప్పల్ని టూ బాడీ ప్రాబ్లమ్ అంటారని మా ల్యాబ్ మేడమ్ చెప్పారు, ఆ పేరు భౌతికశాస్త్రం నుంచి తెచ్చుకున్నారట. అమెరికాలో కొన్ని యూనివర్సిటీలు ప్రొఫెసర్‌ని తీసుకునేటప్పుడు ఇంట్లో రెండోవారికి కూడా ఉద్యోగం చూస్తాయి, విద్యార్థులకి అంత అదృష్టం లేదు, మన ఊరు మనమే వెతుక్కోవాలి.

అలా వెతికితే జర్మనీలో రెండు ఊళ్లు తగిలాయి. ఒకటి డ్రెస్డెన్, మాక్స్ ప్లాంక్ అనే పెద్ద పరిశోధన సంఘం వాళ్ల కణజీవశాస్త్ర సంస్థ, పెద్ద టెక్నికల్ యూనివర్సిటీ రెండూ ఉన్నాయి. రెండోది బ్రౌన్‌ష్వైగ్, అంతకుముందు మేం ఆ పేరే వినలేదు. జనాభా రెండున్నర లక్షలు, తెనాలికంటే పెద్దది, గుంటూరుకంటే చాలా చిన్నది. అక్కడ హెల్మ్‌హోల్ట్జ్ అనే ఇంకో పరిశోధన సంఘం వాళ్ల అంటువ్యాధుల పరిశోధన కేంద్రం ఉంది, అది నా సబ్జెక్టు. 1745లో మొదలైన టెక్నికల్ యూనివర్సిటీ ఉంది, మెకానికల్, ఆటోమొబైల్ వాళ్ల బలం. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ సొంతూరు వూల్ఫ్స్‌బర్గ్ అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోనే. క్యాలెండర్ వెనక ఆ వరసలో నాలుగు గళ్లూ నిండాయి. మిగతా ఏ వరసలోనూ అలా నిండలేదు.

డ్రెస్డెన్‌లో ఇంటర్వ్యూ పోయింది. బ్రౌన్‌ష్వైగ్‌లో వచ్చింది.

ఇక్కడ మన వాళ్లకి తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. జర్మనీలో సైన్సు పీహెచ్‌డీ అంటే చాలా చోట్ల ఉద్యోగమే, ఒప్పందం రాసుకుని జీతం ఇస్తారు, ప్రభుత్వ పే స్కేలులో 65 శాతం అని లెక్క, పన్నులకి ముందు నెలకి మూడు వేల యూరోల దరిదాపుల్లో ఉంటుంది. నాకు మూడేళ్ల ఒప్పందం ఇచ్చారు. భర్తగా నాతో వచ్చే మనిషికి ఉద్యోగం చేసుకునే హక్కు ఆ పర్మిట్‌లోనే ఉంటుంది. ఆయనకి సంపాదన లేనంత కాలం నా ఆరోగ్య బీమాలోనే అదనంగా ఏమీ కట్టకుండా ఆయన్ని చేర్చుకోవచ్చు. యూనివర్సిటీలో చేరడానికీ అడ్డు లేదు. బ్రౌన్‌ష్వైగ్ ఉన్న లోయర్ సాక్సనీ రాష్ట్రంలో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కి కట్టే చిన్న మొత్తమే. జర్మనీ అంటే అంతటా ఫ్రీ అనుకోకండి, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన లాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటున్నారు. మా ఆయన ఒక్కరే విద్యార్థిగా వెళ్లి ఉంటే ఏడాదికి 11,904 యూరోలు, అంటే పన్నెండు లక్షల రూపాయల దాకా, ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, వేయాల్సి వచ్చేది. ఇప్పుడు దాని బదులు నా ఉద్యోగ ఒప్పందం, నా జీతం చూపిస్తున్నాం.

నా ఎమ్మెస్సీ డిగ్రీ ఈసారి ఎడమవైపు దొంతరలో ఉంది.

అన్నీ కుదిరాయని చెప్పడం లేదు. అక్కడ ఆయనకి కావాల్సిన మాస్టర్స్ ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటుంది, దానికి బాగా పై స్థాయి జర్మన్ రావాలి, ఎంత కష్టపడ్డా ఏడాదిన్నర పడుతుంది. అంటే ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాలన్న కోరిక తీరలేదు. ఒకరు ముందు, ఒకరు వెనక కాక తప్పలేదు. ఆ ఏడాదిన్నర ఆయన ఏదో ఒక పని చేసుకుంటూ భాష నేర్చుకుంటారు, దానికి చట్టం అడ్డు రాదు, ఆ తేడాయే మాకు ప్రాణం. ఇంకో బెంగ కూడా ఉంది. ఫోక్స్‌వ్యాగన్ 2024 డిసెంబరులో యూనియన్లతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 2030 లోపు జర్మనీలో 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకుంటోంది. కార్ల రంగం మీద ఆశ పెట్టుకున్న ఇంజినీరు ఆ ప్రాంతానికే వెళ్తున్నప్పుడు ఆ వార్త చదివి నిద్ర పట్టకపోవడం సహజం. ఆయన బ్యాటరీల వైపు చూస్తానంటున్నారు.

ఇంట్లో చెప్పిన రోజు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఊరు వెతకడం కంటే ఇంట్లో చెప్పడానికే నాకు ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. అత్తయ్యకి భయపడ్డాను. ఆవిడ అంతా విని "ఇద్దరూ కలిసే ఉంటారు కదా" అని ఒక్క మాట అడిగింది. మామయ్య గారు "అయితే ఇల్లు తాకట్టు పెట్టక్కర్లేదా" అన్నారు, అక్కర్లేదండి అన్నాను, ఆయన మాట్లాడకుండా లేచి వెళ్లి లింకు డాక్యుమెంట్లు ఉన్న సంచీ మళ్లీ బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చారు. ఆ ఇల్లు ఆయన ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి కట్టుకున్నది. మాకోసం సంతకం పెట్టడానికి సిద్ధపడ్డ మనిషి లోపల ఎంత భయపడ్డారో ఆ తాళం చప్పుడు వింటే నాకు తెలిసింది.

కాదన్నది మా నాన్న. "అల్లుడు గారిని నీ వెనక తిప్పుకుంటావా అమ్మాయీ, నలుగురిలో నేనేం చెప్పుకోవాలి" అన్నారు. మా ఆయన పక్కనే ఉన్నారు. "మామయ్య గారూ, తను నా వెనక వస్తానంటే మీరు ఈ మాట అడిగేవారా?" అన్నారు. గొంతు పెంచలేదు, మామూలుగానే అడిగారు. నాన్న జవాబు చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి ఆ ఊరి పేరు ఒక్కో అక్షరం చెప్పమన్నారు, రాసుకున్నారు, తిరిగి చదివి వినిపించారు. ఎవరో అడిగారట, కూతురికి ఎక్కడ వచ్చిందని.

ఇప్పుడు మా ఇల్లంతా కాగితం ముక్కలే. ఆయన హైదరాబాద్ గోథే జెంట్రమ్‌లో జర్మన్ క్లాసులకి వెళ్తున్నారు, ఆఫీసు నుంచి రాగానే వస్తువుల మీద పేర్లు అంటిస్తారు. ఫ్రిజ్ మీద డెర్ కూల్‌ష్రాంక్, తలుపు మీద డీ ట్యూర్, కిటికీ మీద దాస్ ఫెన్‌స్టర్. ఏ వస్తువు ఆడో, ఏది మగో, ఏది రెండూ కాదో గుర్తుపెట్టుకోవాలట ఆ భాషలో. బియ్యం డబ్బా మీద డెర్ రైస్ అని అంటించి ఉంటుంది, నేను ఉదయం గ్లాసుతో కొలుస్తూ పైకి చదువుతాను, ఆయన అవతలి గదిలోంచి తప్పుంటే దిద్దుతారు.

ఎడిటర్ గారూ, నేను అడిగేది చిన్న పని. ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు పట్టికలో ఇంకో మూడు గళ్లు గీయించండి. రెండో మనిషి మొదటి రోజు నుంచి పనిచేయొచ్చా, డిగ్రీ చదవొచ్చా, బీమా ఎవరు కట్టాలి. వాటి కింద ఒక వరస రాయండి, అడ్మిట్ భార్యదైతే ఈ జవాబులు మారతాయా అని. రూల్స్ ఏడాదికోసారి మారుతున్నాయి, రెండేళ్ల కిందట వెళ్లిన అన్నయ్య చెప్పింది ఈ రోజు నిజం కాకపోవచ్చు, కాబట్టి ఏ తేదీ నాటి రూలో పక్కన వేయండి. కన్సల్టెన్సీల ప్రకటనలు కూడా మీ పేజీల్లోనే వస్తాయి కాబట్టి వాళ్లకి మీ మాట వినపడుతుంది, దంపతులు వస్తే రెండు ఫైళ్లూ తెరిచి చూడమని రాయండి. పెళ్లి కుదుర్చుకుంటున్న ఆడపిల్లల తల్లిదండ్రులు కూడా మీ పత్రిక చదువుతారు. అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు అనగానే అమ్మాయి చేస్తున్న ఉద్యోగానికి రాజీనామా రాయించే ముందు ఆ వీసా పేరేమిటో, దాని మీద ఏం చేయొచ్చో వాళ్లు కనుక్కోవాలి. అది కనుక్కోవడం అబ్బాయిని అవమానించడం కాదు.

నాలుగు గళ్ల క్యాలెండర్ పేజీని ఫొటో తీసి డాలస్‌లో ఉన్న అక్కకి పంపాను. మర్నాడు తిరిగి పంపింది. దాని మీద చివర్లో తన గుండ్రటి చేతిరాతతో అయిదో గడి గీసి ఉంది, పైన తేదీ వేసింది, కింద "ఇప్పటికే వచ్చేసిన వాళ్లకి?" అని రాసింది. మీ దగ్గర వీసా నిపుణులు ఉన్నారు, మీ పేజీలో వాళ్ల ఫోన్ నంబర్లు కూడా వేశారు. ఆ అయిదో గడి వాళ్లతో నింపించి వేయండి. అక్క మీ పత్రిక ఫోన్‌లో రోజూ చదువుతుంది.

ఇట్లు
మీ పాఠకురాలు, తెనాలి
(ప్రస్తుతం హైదరాబాద్)